ఇంటి వీడియోలకు ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఎలా ఎంచుకున్నానంటే

మా నాయన 2002లో మినీడీవీ టేపులు వేసే హ్యాండీక్యామ్ ఒకటి కొన్నాడు. అప్పటి నుంచి మదనపల్లెలో మా ఇంట్లో జరిగినవన్నీ అందులోకి ఎక్కాయి. అక్క పెళ్లి, బోయకొండ గంగమ్మకు మొక్కు చెల్లించడానికి పోయిన రోజు, హార్స్‌లీ హిల్స్ ప్రయాణం, పెరట్లో అవ్వ చింతకాయలు దంచడం, ఇలా డబ్బా నిండా టేపులు. వీటికి తోడు నా ఫోన్‌లో, తమ్ముడి ఫోన్‌లో ఏళ్ల తరబడి పోగైన వీడియోలు. అమ్మానాయనల యాభయ్యో పెళ్లిరోజుకు వీటన్నిటిలోంచి మంచివి ఏరి, గంటలోపు కూర్చుని చూసేటట్టు ఒక్క సినిమాగా చేయాలని అనుకున్నాను. నేను బెంగళూరు మారతహళ్లిలో ఉంటాను, చేసేది అకౌంట్స్ పని. ఎడిటింగ్ అంటే ఏంటో అంతకుముందు తెలియదు. చేతిలో ఉన్నది 8 జీబీ ర్యామ్‌తో మామూలు విండోస్ 11 లాప్‌టాప్, విడిగా గ్రాఫిక్స్ కార్డు కూడా లేదు.

ఏ సాఫ్ట్‌వేర్ మంచిదని ఆఫీసులో అడిగితే తలా ఒక పేరు చెప్పారు. రీల్స్ చేసే పిల్లలు ఒకటి, పెళ్లి వీడియోలు తీసే వాళ్లు ఇంకొకటి. ఎవరి పనికి తగ్గది వాళ్లు చెబుతారు, అందులో తప్పేమీ లేదు. కానీ నా పని రీల్ కాదు, సినిమా కూడా కాదు. అందుకే ముందు కూర్చుని నాకు ఏం కావాలో కాగితం మీద రాసుకున్నాను. అక్కర్లేని చోట కత్తిరించాలి, ముక్కలు వరుసగా అతకాలి, మాట వినపడేలా సౌండ్ సరిచేయాలి, తెలుగులో పేర్లు వేయాలి, చివరికి టీవీలో ఆడే ఫైల్ రావాలి. అంతే. మెరుపులు, మంటలు, ఎగిరే అక్షరాలు ఏవీ నాకు పనికిరావు. ఈ కాగితం రాసుకున్నాక సాఫ్ట్‌వేర్‌ల ప్రకటనల్లో కనిపించే వందల ఎఫెక్టుల మీద ఆశ పోయింది.

సాఫ్ట్‌వేర్ కంటే ముందు టేపుల సంగతి చూడాలి. మినీడీవీ కెమెరా నుంచి వీడియోను ఉన్నదున్నట్టు దించుకోవాలంటే ఫైర్‌వైర్ పోర్టు కావాలి. సోనీ వాళ్లు దాన్నే ఐలింక్ అంటారు. ఇప్పటి లాప్‌టాప్‌లలో అది రాదు. అందుకే టేపులు ఎక్కించే పని పాత మిషన్లు ఉన్న ఒక స్టూడియోకి ఇచ్చాను. గంట టేపు ఎక్కాలంటే గంటా పడుతుంది, తొందరపెట్టే దారి లేదు. స్టూడియోలో మామూలుగా డీవీడీ గానీ చిన్న ఎంపీ4 ఫైల్ గానీ ఇస్తారు. మీరు మాత్రం డీవీ ఏవీఐ ఫైళ్లు కావాలని గట్టిగా అడగండి. టేపులో ఉన్న డేటా యథాతథంగా అందులో ఉంటుంది. గంటకు సుమారు 13 జీబీ అవుతుంది కాబట్టి నేను బెంగళూరులో ఎలక్ట్రానిక్స్ దుకాణాలుండే ఎస్పీ రోడ్‌లో ఒక ఎక్స్‌టర్నల్ ఎస్‌ఎస్‌డీ కొని వాళ్ల చేతికే ఇచ్చాను. డీవీడీకి కుదించిన వీడియోను మళ్లీ ఎడిట్ చేసి మళ్లీ ఎక్స్‌పోర్ట్ చేస్తే, అంటే కొత్త ఫైల్‌గా బయటకు తీస్తే, నాణ్యత రెండోసారి దెబ్బతింటుంది. పాత టేపులో ఉండేదే 720 బై 576 పిక్సెళ్లు. అందులోనూ పోగొట్టుకోవడం దేనికి?

ఫైళ్లు వచ్చాక ఒక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరైనా అడిగితే ఇప్పటికీ ముందు ఇదే చెబుతాను. రివ్యూలు చదువుతూ కూర్చోకుండా, నా వీడియోల్లోంచే ఇబ్బంది పెట్టే ముక్కలు మూడు తీసుకున్నాను. ఒకటి టేపు నుంచి వచ్చింది, గాలి హోరులో మాట వినపడనిది. రెండోది తమ్ముడి ఫోన్‌లో నిలువుగా తీసింది. మూడోది నా ఫోన్‌లో అడ్డంగా తీసిన పొడుగాటి వీడియో. ఈ మూడూ అతికి, మీద ఒక తెలుగు టైటిల్ వేసి, ఎక్స్‌పోర్ట్ చేసి, మా ఇంటి టీవీలో పెట్టి చూడాలి. ప్రతి సాఫ్ట్‌వేర్‌తోనూ ఇదే పని. ఈ పరీక్షలో చివరిదాకా వచ్చిందే నాకు పనికొచ్చేది. ఎడిట్ చేసేటప్పుడు అన్నీ బాగానే కనిపిస్తాయి, అసలు సంగతి ఎక్స్‌పోర్ట్ బటన్ నొక్కాకే బయటపడుతుంది.

పెద్దవాళ్లు ఎవరిని అడిగినా మొదట చెప్పే పేరు విండోస్ మూవీ మేకర్. 2000లో విండోస్ ఎమ్‌ఈతో వచ్చిన ఆ సాఫ్ట్‌వేర్ నిజంగానే చాలామందికి మొదటి ఎడిటర్. కానీ మైక్రోసాఫ్ట్ దాన్ని 2017 జనవరిలో ఆపేసింది. ఇప్పుడు ఆ పేరుతో నెట్‌లో డౌన్‌లోడ్‌కు దొరికేవాటిని ముట్టుకోకపోవడమే మంచిది, వాటితో పాటు వైరస్‌లు కూడా రావచ్చు. డబ్బు కట్టి కొనాల్సిన సాఫ్ట్‌వేర్‌కు 'క్రాక్ వెర్షన్ వేసిస్తా మేడమ్' అని ఒక షాపులో ఆశ పెట్టారు. ఇంటి ఫొటోలు, బ్యాంకు వివరాలు ఉన్న లాప్‌టాప్ అది. వద్దన్నాను.

ఆ తర్వాత క్లిప్‌చాంప్. మైక్రోసాఫ్ట్ 2021లో కొని విండోస్ 11లోకి తెచ్చింది కాబట్టి విడిగా వెతుక్కోవాల్సిన పని కూడా లేదు. వీడియోను పట్టుకొచ్చి కింద వరుసలో పడేయడం, ఎస్ నొక్కి కత్తిరించడం, అంతే. 1080పీ (ఫుల్ హెచ్‌డీ) వరకు వాటర్‌మార్క్, అంటే వీడియో మీద కంపెనీ ముద్ర, లేకుండా ఉచితంగా ఎక్స్‌పోర్ట్ అవుతుంది. కొత్తవాళ్లకు ఇంతకంటే సులువైనది నాకు కనిపించలేదు. ఫోన్ వీడియోలు నాలుగు అతికి పుట్టినరోజు వీడియో చేయాలంటే కళ్లు మూసుకుని ఇదే చెబుతాను. నాకున్నవి టేపు ఫైళ్లు, గంట నిడివి, ఒక్కో ముక్కకు ఒక్కో రకంగా సరిచేయాల్సిన సౌండ్. వాటికి ఇంకొంచెం పట్టు దొరికే సాఫ్ట్‌వేర్ కావాలనిపించి ముందుకు పోయాను.

బాగా ప్రచారంలో ఉన్న ఒక సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ కూడా పెట్టి చూశాను. ఎడిటింగ్ అంతా హాయిగా సాగింది. ఎక్స్‌పోర్ట్ చేశాక చూస్తే అమ్మ ముఖం మీద కంపెనీ పేరు! డబ్బు కట్టి కొనేవి చెడ్డవని నేను అనను, ఇష్టపడి కొనుక్కునేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ ఏడాదికోసారి వాడే పనికి నెలనెలా చందా కట్టడం నాకు సరిపడదు. ఏది పెట్టుకున్నా మొదటి రోజే పది సెకన్ల ముక్క ఒకటి ఎక్స్‌పోర్ట్ చేసి చూసుకోండి. సాయంత్రాలన్నీ పోసి పని చేశాక తెలిస్తే ప్రాణం ఉసూరుమంటుంది.

డావిన్చీ రిజాల్వ్ గురించి చాలా గొప్పగా విన్నాను. నిజంగా గొప్పదే. సినిమాలకు కలర్ సరిచేసే వాళ్లు వాడే సాఫ్ట్‌వేర్‌ను, దాన్ని తయారుచేసిన కంపెనీని 2009లో కొన్న బ్లాక్‌మ్యాజిక్ డిజైన్ ఇలా ఉచితంగా కూడా ఇవ్వడం మామూలు విషయం కాదు. వాటర్‌మార్క్ లేదు. త్వరగా కత్తిరించి అతికేందుకు కట్ పేజీ అని విడిగా ఇచ్చారు. కానీ అది 16 జీబీ ర్యామ్, మంచి గ్రాఫిక్స్ కార్డు ఉన్న కంప్యూటర్లకు తగ్గది. నా లాప్‌టాప్‌కు అంత శక్తి లేదు. మంచి కంప్యూటర్ ఉండి, ఎడిటింగ్ సీరియస్‌గా నేర్చుకోవాలని ఉన్నవాళ్లు నేరుగా దీనితోనే మొదలుపెట్టవచ్చు.

తమ్ముడి దగ్గర మ్యాక్ ఉంది, అందులో ఐమూవీ ఉచితంగా వస్తుంది. శని ఆదివారాల్లో వాళ్లింటికి వెళ్లి చేసుకుందామా అని కూడా ఆలోచించాను. వీడియోకు రెండే వరుసలు ఉంటాయి, ఇంటి సినిమాకు అవి చాలు. తెలుగు అక్షరాలు కూడా చక్కగా పడ్డాయి. కానీ ఐమూవీ ప్రాజెక్టును విండోస్‌లో తెరవలేం. నాకు రాత్రి వంట, గిన్నెలు అయ్యాక ఇంట్లో దొరికే గంటే టైము. ఇంకొకరి కంప్యూటర్ మీద ఆధారపడితే పని సాగదు.

చివరికి తేలింది షాట్‌కట్. ఉచితం, ఓపెన్ సోర్స్ (కోడ్ అందరికీ తెరిచి ఉంచినది). విండోస్, మ్యాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. ఆ కోవలోనే కేడెన్‌లైవ్, ఓపెన్‌షాట్ కూడా ఉన్నాయి. షాట్‌కట్ తెరవగానే మాత్రం కొంచెం భయపెడుతుంది. అలంకారం లేని కిటికీలు, ఖాళీ నల్ల తెర. ముక్కలు వరుసగా పేర్చే టైమ్‌లైన్, క్లిప్ వివరాలు చూపే ప్రాపర్టీస్, బొమ్మ, సౌండ్ సరిచేసే ఫిల్టర్స్, ఈ మూడు బటన్లు ఎక్కడున్నాయో తెలిశాక టెన్షన్ తగ్గింది. ఎస్ నొక్కితే తెగుతుంది. ఎక్స్ నొక్కితే ఆ ముక్క పోయి పక్కది దానంతటదే జరుగుతుంది. మొదటి వారమంతా నేను వాడినవి దాదాపు ఈ రెండే.

షాట్‌కట్ వైపు మొగ్గడానికి అసలు కారణం టేపు వీడియోలు. మా పరీక్ష ముక్క ఇంకో సాఫ్ట్‌వేర్‌లోంచి ఎక్స్‌పోర్ట్ చేసి టీవీలో పెట్టినప్పుడు, మనుషులు కదిలినప్పుడల్లా అంచుల్లో దువ్వెన పళ్లలాంటి గీతలు కనిపించాయి. అప్పుడు మా ఇంట్లోనే ఉన్న నాయన "ఏమ్మా, ఆ గీతలేంది? టేపు చెడిపోయిందా?" అని కంగారు పడ్డాడు. టేపు చెడిపోలేదు. పాత కెమెరాలు ఒక్కో ఫ్రేమును రెండు సగాలుగా తీస్తాయి, ముందు ఒక వరుస గీతలు, తర్వాత మధ్యలోవి. మన దేశపు టీవీల పాల్ పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు, అంటే 50 సగాలు. రెండు సగాలకూ మధ్య చెయ్యి కదిలితే ఆ రెండూ సరిగ్గా అతుక్కోవు. దీన్నే ఇంటర్‌లేస్ అంటారు, విడదీసి సరిచేయడం డీఇంటర్‌లేస్. షాట్‌కట్‌లో క్లిప్ ప్రాపర్టీస్‌కు పోతే స్కాన్ మోడ్ ఏమిటో, ఏ సగం ముందో కనిపిస్తుంది. డీవీ టేపుకు బాటమ్ ఫీల్డ్ ఫస్ట్ అని ఉండాలి. అది సరిగ్గా ఉంటే మిగతాది అదే చూసుకుంటుంది. వేరే సాఫ్ట్‌వేర్ వాడేవాళ్లు ముందుగా హ్యాండ్‌బ్రేక్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో డీఇంటర్‌లేస్ ఫిల్టర్ పెట్టి ఎంపీ4గా మార్చుకుంటే చాలు. ఒరిజినల్‌ను మాత్రం చెరిపేయకండి.

ఇంకో చిన్న జాగ్రత్త. షాట్‌కట్‌లో వీడియో మోడ్ ఆటోమేటిక్‌లో ఉంటే, మొదట వేసిన క్లిప్‌ను బట్టి ప్రాజెక్టు సైజు కుదురుతుంది. టేపు ముక్క ముందు వేస్తే ఫోన్ వీడియోలన్నీ ఆ చిన్న సైజుకు దిగిపోతాయి. నేను మొదట్లోనే 1080పీ, 25 ఫ్రేములు అని పెట్టేశాను. టేపు వీడియోకు రెండు పక్కలా నల్ల పట్టీలు వస్తాయి, రానివ్వండి. తెర నిండాలని సాగదీస్తే మనుషులు లావైపోతారు. నిలువుగా తీసిన ఫోన్ వీడియోకు మాత్రం ఖాళీ పక్కలను అదే వీడియో మసక బొమ్మతో నింపే బ్లర్ ప్యాడ్ ఫిల్టర్ వేశాను. ఫోన్ వీడియోలు వేసేటప్పుడు ఫ్రేమ్ రేటు నిలకడగా లేదని, ఎడిట్‌కు అనువుగా మార్చమంటారా అని అడుగుతుంది. సరే అనండి. లేకపోతే పొడుగాటి వీడియోల్లో పెదవులకూ మాటకూ పొత్తు తప్పుతుంది.

తెలుగు టైటిళ్ల దగ్గర నేను చాలా టైము పెట్టాను, పెట్టాల్సిందే కూడా. అమ్మానాయనల పేర్లు, ఊరి పేరు తప్పుగా పడితే అంత కష్టమూ వృథా. 'శ్రీకృష్ణ', 'జ్ఞాపకాలు', 'స్వర్ణోత్సవం' అని మూడు మాటలు రాసుకుని ప్రతి సాఫ్ట్‌వేర్‌లో అవే వేసి చూశాను. వత్తులు, గుణింతాలు, సంయుక్తాక్షరాలు అన్నీ అందులో వచ్చేస్తాయి. ఒకదాంట్లో శ్రీ కాస్తా శకారపొల్లు, పక్కన రీ అని విడివిడిగా పడింది. ఇంకొకదాంట్లో నిలకడగా ఉన్నప్పుడు బాగానే ఉండి, అక్షరం అక్షరంగా కదిలే యానిమేషన్ పెట్టగానే వత్తులు ఊడి పక్కకు పోయాయి. షాట్‌కట్ టెక్స్ట్ ఫిల్టర్‌లో అన్నీ సరిగ్గా పడ్డాయి. ఫాంట్ల కోసం గూగుల్ ఫాంట్స్ నుంచి రామభద్ర, మండలి దించుకున్నాను. రామభద్ర మందంగా ఉంటుంది, పెద్ద టైటిల్‌కు బాగుంటుంది. కింద మనుషుల పేర్లు వేయడానికి మండలి హాయిగా చదువుకోవచ్చు. ఫ్లెక్సీల వాళ్లు, ఆల్బమ్ డిజైన్ చేసేవాళ్లు అను ఫాంట్లు వాడుతుంటారు. వాళ్ల దగ్గర టైప్ చేయించి తెచ్చిన మాటలు ఇందులో అతికిస్తే అర్థం లేని గుర్తులు వస్తాయి. యూనికోడ్‌లో, అంటే ఫోన్‌లో టైప్ చేసే మామూలు తెలుగులో, మళ్లీ టైప్ చేసుకోవాలి.

మీ సాఫ్ట్‌వేర్ తెలుగును విరిచేస్తుంటే దాన్ని వదిలేయక్కర్లేదు. పవర్‌పాయింట్‌లో టైటిల్ రాసి, ఆ టెక్స్ట్ బాక్స్ మీద రైట్ క్లిక్ చేసి, పీఎన్‌జీ బొమ్మగా సేవ్ చేసుకోండి. వెనక రంగు లేకుండా వస్తుంది. దాన్ని వీడియో పైవరుసలో పెడితే సరి. క్లిప్‌చాంప్ వాడే మా వదినకు ఈ చిట్కా చెప్పాను, శుభలేఖల్లోని అక్షరాలు కూడా ఇలాగే తెచ్చుకుంటోంది.

సౌండ్ విషయంలో నాకు గట్టి అభిప్రాయం ఒకటి ఉంది. మన వైపు పెళ్లి వీడియోల్లో తాళి కట్టడం నుంచి అప్పగింతల దాకా అన్నిటి మీదా సినిమా పాటలు పరిచేస్తారు. అక్క పెళ్లి క్యాసెట్‌లో స్టూడియో వాళ్లు అలాగే చేశారు. అందులో మా తాత నోరు కదులుతుంటుంది, వినపడేది హీరో పాట. తాత ఇప్పుడు లేడు. ఆ రోజు ఏమన్నాడో ఎవరికీ గుర్తులేదు. నాయన హ్యాండీక్యామ్ టేపుల్లో మాత్రం మాటలు మాటలుగానే ఉన్నాయి. పెరట్లో అవ్వ రోకలి ఆపి, కెమెరా వైపు చూసి, "రేయ్, ఆ డబ్బా అవతల పెట్టి సంగటి తిందురు రాండ్రా" అంటుంది. రోకలి చప్పుడు, కాకి అరుపు, ఆ మాట, అంతే. ఆ ముక్క మీద నేను ఏ సంగీతమూ పెట్టలేదు, గొంతు చిన్నగా ఉంటే నార్మలైజ్ ఫిల్టర్‌తో పెంచానంతే. హార్స్‌లీ హిల్స్ వీడియోలో గాలి హోరుకు హై పాస్ ఫిల్టర్ పెట్టి, అడుగున ఉండే బరువైన మోత తగ్గించాను. హోరు పూర్తిగా పోలేదు కానీ నవ్వులు, పిలుపులు తేటపడ్డాయి. పాటలు ఊరు నుంచి ఊరికి పోయే చోట, ఫొటోలు వరుసగా వచ్చే చోట మాత్రమే పెట్టాను. యూట్యూబ్‌లో ఎక్కించాలనుకునేవాళ్లు సినిమా పాట పెడితే కాపీరైట్ క్లెయిమ్ వస్తుందని గుర్తుంచుకోండి, అన్‌లిస్టెడ్‌గా పెట్టినా వస్తుంది.

ప్రాజెక్టు ఫైల్ గురించి కూడా చెప్పాలి. షాట్‌కట్ సేవ్ చేసే ఎమ్‌ఎల్‌టీ ఫైల్లో వీడియో ఉండదు. ఏ ఫైల్ ఎక్కడుంది, ఎక్కడ కత్తిరించాం అనే లెక్క మాత్రమే ఉంటుంది. మిగతా చాలా ఎడిటర్లదీ ఇదే పద్ధతి. అందుకే టేపు ఫైళ్లు, ఫోన్ వీడియోలు, ఫొటోలు, టైటిళ్లు అన్నీ ఎస్‌ఎస్‌డీలో ఒకే ఫోల్డర్‌లో పెట్టాకే మొదలుపెట్టాను. మధ్యలో ఫైళ్లు అటూఇటూ జరిపితే ఫైల్ కనిపించడం లేదంటుంది. లాప్‌టాప్ నత్తనడక నడిచినప్పుడు ప్రివ్యూ స్కేలింగ్‌ను 360పీకి తగ్గించాను. చూసేటప్పుడు మసకగా ఉంటుంది, ఎక్స్‌పోర్ట్ పూర్తి నాణ్యతతోనే వస్తుంది.

ఎక్స్‌పోర్ట్‌కు హెచ్.264 అనే పద్ధతిలో కుదించిన ఎంపీ4 వాడాను. హెచ్.265 అయితే ఫైల్ చిన్నదవుతుంది, కానీ మదనపల్లెలో ఉన్న పాత టీవీలో ఆడుతుందన్న నమ్మకం లేదు. పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 అనే పాత ఫార్మాట్‌లో ఉంటే 4 జీబీ దాటిన ఫైల్ ఎక్కదు కాబట్టి సినిమాను రెండు భాగాలుగా చేశాను. వాట్సాప్‌లో అడిగిన చుట్టాలకు వీడియోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపాను. అలా అయితే 2 జీబీ దాకా నాణ్యత తగ్గకుండా పోతుంది.

పెళ్లిరోజు నాడు సినిమా చూశాక పెద్దమ్మ తన బీరువాలోంచి 1991 నాటి వీహెచ్‌ఎస్ క్యాసెట్ తీసి నా చేతిలో పెట్టింది. "ఇదీ చెయ్యమ్మా, మీ పెదనాయన ఉండాడు ఇందులో" అంది. ఇది డీవీ కాదు, అనలాగ్. వీసీఆర్‌లో వేసి, పసుపు, ఎరుపు, తెలుపు వైర్లు యూఎస్‌బీ క్యాప్చర్ కార్డుకు తగిలించి ఎక్కించుకోవాలి. కార్డు ఎస్పీ రోడ్‌లో దొరుకుతుంది. దొరకనిది మంచి వీసీఆర్. చివరిదాకా వాటిని తయారు చేసిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. బూజు పట్టిన క్యాసెట్‌ను వేస్తే వీసీఆర్‌లో టేపును చదివే హెడ్ కూడా పాడవుతుంది, అందుకే ముందు క్యాసెట్ శుభ్రం చేయించడానికి ఇచ్చాను. మారతహళ్లి చుట్టుపక్కల ఎవరి దగ్గరైనా బాగా పనిచేసే వీసీఆర్ ఉంటే చెప్పండి, క్యాసెట్ తీసుకుని నేనే వస్తాను.